భుజం దాటిన తీగ

జమాల్‌బీ ఆకుతోటలోకి వస్తే తీగలు ఒద్దికగా నిలబడతాయని దొరవారిసత్రం చుట్టుపక్కల ఒక మాట ఉండేది. ఆ మాటను పుట్టించింది జమాల్‌బీయేనని ఆమె భర్త మౌలా అనేవాడు, అదీ ఆమెకు వినపడనంత దూరం నుంచి. ఎవరు పుట్టించినా అందులో అబద్ధం మాత్రం లేదు. ఆమె చేతి కింద పెరిగిన తమలపాకును చూస్తే నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. ఎదురుగా పెట్టుకుని కాసేపు చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది.

ఆ వైపు ఆడవాళ్ళు ఆకు కొయ్యరు. కట్టలు కడతారు, నీళ్ళు మోస్తారు, జమ్ముగడ్డి నానబెట్టి తీగలకు ముడులు వేస్తారు. కోత మాత్రం మగవాళ్ళదే. జమాల్‌బీ తండ్రి దరియావలికి మగపిల్లలు లేకపోవడంతో ఊహ తెలిసిన నాటి నుంచి ఆమెనే వెంటబెట్టుకుని తిరిగాడు. బొటనవేలికి రేకు గోరు తొడిగి, అడుగాకును ఎలా తుంచాలో, తొడిమ ఎంత ఉంచాలో నేర్పాడు. ఊళ్ళో నలుగురూ నవ్వారు. నవ్విన వాళ్ళే తరువాత తమ తోటలకు రమ్మని ఆమెకు కబురు పెట్టారు. పందొమ్మిది వందల అరవై నాటికి కామాక్షయ్య గారి తోటలో కోత అంటే జమాల్‌బీ, జమాల్‌బీ అంటే కోత.

ఆకుతోట ఎరగని వాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. బయట ఎండకు ఇసుక పొయ్యి మీది మంగలంలా కాలుతూ ఉంటుంది. గట్టు మీద చెప్పులు విడిచి, దొరువులో కాళ్ళు కడుక్కోవాలి. దొరువంటే ఇసుకలో తవ్వుకున్న నీళ్ళగుంట. సముద్రం అంత దగ్గరున్నా అందులో తియ్యటి నీళ్ళు ఊరతాయి. కాళ్ళు కడుక్కుని తడిక తోసి లోపలికి అడుగు పెడితే ఎండ అక్కడే ఆగిపోతుంది. వరసలు కట్టిన అవిసె చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన తీగలు, పాదాల కింద చెమ్మ, తలమీద సన్నటి ఆకుపచ్చ వెలుతురు. అక్కడ ఎవరు మాట్లాడినా గొంతు తగ్గుతుంది. పొద్దు ఎక్కడుందో తెలియదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే జమాల్‌బీ మనసు ఎటెటో పోయేది. పులికాట్ సరస్సు మీద లేచే గులాబీరంగు కొంగలు రెప్పల వెనక కనిపించేవి. ఎప్పుడో పోయిన తండ్రి పక్క వరసలో దగ్గినట్టు వినిపించేది. అది నిద్రో మెలకువో ఆమెకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా ఆమెకు ఉండేది కాదు. బుట్ట నిండినప్పుడు బరువుకు మేలుకునేది.

దరియావలి నేర్పిన విద్య అంతా కలిపితే రెండు ముక్కలు. తీగ మనిషి భుజం దాటేదాకా దాని జోలికి పోకూడదు. దాటిన తరువాత దాన్ని వదలకూడదు. అడుగాకు తీస్తేనే పైన కొత్తాకు వస్తుంది, తియ్యకపోతే తీగకు బద్ధకం పడుతుంది. ఈ రెండు ముక్కలతోనే జమాల్‌బీ లోకాన్నంతా కొలిచింది. మునగచెట్టు కాపు తగ్గితే కొమ్మలు నరికించింది. పాలు ఎగబెట్టే మేకను రోజూ పిండి పిండి దారికి తెచ్చింది. పొద్దున లేస్తూనే తనకొచ్చిన కలను తీరిగ్గా చెప్పుకునే మౌలాను, కల సగంలో ఉండగానే కడవ చేతికిచ్చి దొరువుకు తరిమింది. మనిషైనా మానైనా పనిలో ఉంటేనే పచ్చగా ఉంటుందని ఆమె నమ్మకం. తాను చెయ్యని పని ఎవరికీ చెప్పేది కాదు గనుక ఎవరూ ఆమె మీద కోపం పెట్టుకోలేదు.

అలాంటి జమాల్‌బీకి ఒక్కతే కూతురు, నూర్జాన్. తల్లి గాలి ఏమాత్రం సోకని పిల్ల. మెల్లగా నడిచేది, మెల్లగా మాట్లాడేది, తండ్రి కలలన్నీ చివరిదాకా కూర్చుని వినేది. ఆమెను గూడూరులో ఖాజా మొహిద్దీన్‌కు ఇచ్చారు. నిమ్మకాయల లోడు వెంట హైదరాబాదు దాకా పోయి వచ్చే పని అతనిది. మంచివాడు. నూర్జాన్ తొలికాన్పు కష్టమైంది. పుట్టిన బిడ్డ తల్లి ముఖం సరిగ్గా చూడటం నేర్చుకునే లోపే పోయాడు.

నూర్జాన్ పుట్టింటికి వచ్చింది. ఇంటి వెనక కూర్చుంటే దూరాన సరస్సు తెల్లటి గీతలా కనిపిస్తుంది. పొద్దున మంచు విడిచేదాకా ఆ గీత కూడా ఉండదు. ఆమె ఆ గీత కనిపించేదాకా ఎదురుచూసేది. కనిపించాక కూడా అక్కడే కూర్చునేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. చూడటానికి వచ్చిన ఖాజా మొహిద్దీన్ హైదరాబాదు నుంచి ఏం తెమ్మంటావని అడిగితే, సరస్సు వైపే చూస్తూ నోరు విప్పింది.

"కల్లో ఒక పందిరి కనపడినాది. ద్రాక్ష పందిరి. దాని కింద యాడనో ఊయల ఊగతా ఉండాది. చప్పుడు వినపడతాది గానీ నాకు కనపడలా. ద్రాక్షతీగ ఒకటి తెస్తావా?"

పళ్ళు తెమ్మనలేదు, తీగ తెమ్మంది. అతను తెచ్చాడు. తడి గోనెపట్టాలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని, వేరు పట్టిన చిన్న మొక్కను తెచ్చాడు. వానలు పట్టకముందు ఒకసారి కొమ్మలు కత్తిరించాలని, కత్తిరించాక కొత్త చిగుళ్ళతో గెలలు వస్తాయని అక్కడి తోటవాళ్ళు చెప్పిన మాటలూ మూటగట్టుకుని వచ్చాడు.

చలికాలం పోతుండగా మొక్కను పెరట్లో నాటారు. మౌలా సరుగుడు గుంజలు పాతి పందిరి వేశాడు. ఎండలు ముదిరేకొద్దీ తీగకు ఊపు వచ్చింది. రాత్రి చూసిన చోట పొద్దున ఉండేది కాదు. నూర్జాన్ లేస్తూనే పందిరి దగ్గరికి పోయేది. చిగురు ఎటు తిరిగిందో చూసి తండ్రికి చెప్పేది. తండ్రి తన కల చెప్పేవాడు. ఆ ఇద్దరి ముచ్చట్లు ఇంట్లోకి వినిపిస్తుంటే జమాల్‌బీకి ఎక్కడలేని సంతోషం కలిగేది. బిడ్డ మాట్లాడుతున్నది. ఆ తీగ బతికి కాస్తే తన బిడ్డ కూడా మామూలు మనిషి అవుతుందని ఆమె గట్టిగా అనుకుంది. తీగలను బతికించడంలో తనను మించిన వాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు కదా. ఇక భయం దేనికి?

ఒకనాటి పొద్దున జమాల్‌బీ పందిరి గుంజ పక్కన నిలబడి చూసింది. తీగ ఆమె భుజం దాటింది. చెప్పులు విడిచింది. కాళ్ళు కడుక్కుంది. బిస్మిల్లా అని, అన్నిటికన్నా కింద ఉన్న పెద్ద ఆకులను తొడిమ దగ్గర తుంచింది.

"అప్పుడేనా అమ్మా?" అంది నూర్జాన్.

"భుజం దాటినాక వదిలిపెడితే తీగ సోమరిదైపోతాది. చూస్తా ఉండు, వారం తిరక్కుండానే ఎట్టా చిగిరిస్తాదో."

నిజంగానే చిగిర్చింది. తుంచిన ప్రతిచోటా ఆకు చంక నుంచి లేత కొమ్మ బయటికి వచ్చింది. పందిరి పచ్చగా అయింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి, జమాల్‌బీ చేయి పడితే ఇసుకలో కూడా కల్పవృక్షం లేస్తుందన్నారు. ఆమె వద్దులే అన్నట్టు చేయి ఊపింది కానీ ఆ పొగడ్త చాలా బాగుందని ఆమె నడకే చెప్పింది. కొత్త ఆకులు అరచేయంత కాగానే వాటిలోనూ అడుగువి తుంచింది. మళ్ళీ చిగిర్చింది. మేక మేతకు కొదువ లేకపోయింది.

ఇదే ఊపులో ఆమె ఇంకొక పని కూడా చేసింది. నూర్జాన్ ముఖంలో కళ వచ్చింది కనుక ఇక ఇంట్లో కూర్చోబెట్టడం మంచిది కాదనుకుంది. "కూచుంటే దిగులు పట్టుద్ది. పనిలో పడితే అదే పోతాది" అని తోటకు తీసుకుపోయింది. నూర్జాన్ ఎదురు చెప్పలేదు. ఆమెకు ఎదురు చెప్పడం రాదు. దొరువు నుంచి కడవలతో నీళ్ళు మోసింది, కట్టలు కట్టింది, సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం వండింది. ఆ ఆకుపచ్చ వెలుతురులో ఆమె బుగ్గలు మెరుస్తున్నట్టే కనిపించేవి. పక్కవాళ్ళ మాటకు ఒకనాడు నవ్వింది కూడా. ఆ నవ్వును జమాల్‌బీ ఊరంతా తిరిగి చెప్పింది.

వానల ముందు మేఘాలు సముద్రం మీద కూడుకుంటున్న రోజుల్లో మొదటిసారి నూర్జానే గమనించింది. ఇప్పుడొచ్చే ఆకులు మునుపటంత పెద్దవి కావడం లేదు. రంగు కూడా పాలిపోయినట్టుంది. ఎరువు చాలలేదేమోనని జమాల్‌బీ ఆముదప్పిండి తెచ్చి వేసింది. ఖాజా మొహిద్దీన్ చెప్పినట్టు కొమ్మలు కత్తిరించారు. ఇక చిగుళ్ళు రావాలి. రాలేదు.

వాన మొదలైంది. పందిరి మీద నాలుగు ఎండుకర్రలు తడుస్తూ ఉండిపోయాయి. సరస్సుకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. లోకమంతా ఒకే బూడిదరంగు. నూర్జాన్ పొద్దున లేచి పందిరి దగ్గరికి పోవడం మానలేదు. నెత్తిన గోనె కప్పుకుని పోయి, కర్రల మీద కణుపు కణుపూ వేలితో తడిమి వచ్చేది. ఒకరోజు అలా వచ్చి గడప దగ్గర నిలబడి చాలా మామూలుగా అంది.

"ఇది కూడా పోతాది అమ్మా."

జమాల్‌బీకి తగిలింది తీగ సంగతి కాదు, ఆ 'కూడా' అన్న మాట. మర్నాటి నుంచి నూర్జాన్ మళ్ళీ మాట తగ్గించింది. అన్నం కెలికి వదిలేసింది. తండ్రి కల చెబుతుంటే మధ్యలో లేచిపోయింది. జమాల్‌బీ చెయ్యగలిగినదల్లా చేసింది. చేపల పొట్టు తెచ్చి తీగ మొదట్లో పాతింది, మట్టి గుల్ల చేసింది, వానలోనే నిలబడి తీగతో బతిమాలుకున్నట్టు మాట్లాడింది. తన చేతికి లొంగని తీగ ఒకటుందని ఆమె అంతవరకు అనుకోలేదు. ఇప్పుడు లొంగకపోతే పరువు పోతుందన్న బాధ కాదు, బిడ్డ పోతుందన్న భయం.

ఆ భయం ఊరికే పోలేదు. వాన తెరిపిచ్చిన ఒక పొద్దున నూర్జాన్ దొరువు గట్టు మీద కడవతో సహా పడిపోయింది. ముఖం మీద నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది కానీ లేచి నిలబడలేకపోయింది. ఆమెను రైలెక్కించుకుని జమాల్‌బీ సూళ్లూరుపేటలో మిషన్ వాళ్ళు నడిపే చిన్న ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి నర్సు ఎలిశబెతు ఆ ప్రాంతపు మనిషే. ముఖం గంభీరం, మాట కరకు, చేయి మాత్రం మెత్తన. నూర్జాన్ కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది. జమాల్‌బీ వైపు తిరిగింది.

"కాన్పులో పోయిన నెత్తురు ఈ పిల్లకు ఇంకా పుట్టలా. ఏం పని చేస్తాది ఇంటి దగ్గర?"

జమాల్‌బీ చెప్పింది. ఎలిశబెతు విని, మందు సీసా నింపింది.

ఆసుపత్రి వెనక ఒక ద్రాక్ష పందిరి ఉంది. ఎప్పుడో ఒక డాక్టరు నాటిపోతే ఎలిశబెతే చూసుకుంటూ వస్తున్నది. మందు తాగి బల్ల మీద కూర్చున్న నూర్జాన్ కిటికీలోంచి దాన్ని చూసింది. మొదలు మోకాలంత లావు. కొత్త చిగుళ్ళు వానకు మెరుస్తున్నాయి.

"అక్కా, మాది ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగింది.

ఎలిశబెతు దగ్గరకొచ్చి, తీగ ఎప్పుడు నాటారు, ఎలా పెరిగింది అని అన్నీ అడిగి, చివరికి జమాల్‌బీని అడిగింది.

"ఆకులేమన్నా తుంచినారా దానికి?"

"తుంచినా. మంచిదనే తుంచినా."

"ఎన్ని తూర్లు?"

"చిగిర్చినప్పుడల్లా."

ఎలిశబెతు బల్ల మీద కూర్చుంది. ఆమె కోప్పడుతుందనుకున్నారు కానీ ఆమె గొంతు తగ్గించింది.

"ఆకంటే దానికి పొయ్యి, జమాల్‌బీ. ఎండలో వండుకుంటది. తినంగా మిగిలింది మొదట్లో, వేర్లలో దాచిపెట్టుకుంటది. నువ్వు తుంచినాక మళ్ళీ చిగిర్చింది గదా, ఆ చిగురు యాడ్నించి వచ్చింది? దాచుకున్న దాంట్లోనించి. ఆ ఆకు పెద్దదయ్యి, తీసుకున్నది తిరిగి కిందికి పంపకముందే మళ్ళా తుంచేస్తివి. అది మళ్ళా లోపల్నించే తీసింది. పచ్చంగా ఉండాదని మీరంతా సంబరపడి ఉంటారు. దాని ఇల్లు ఖాళీ అవతా ఉండింది."

"మా తమలపాకు తీగ ఎన్ని తూర్లు కోసినా..."

"అది వేరే, ఇది వేరే. ఇదయినా ముదురు తీగయితే కొంత ఓర్చుకునేదే. మా పందిరి మొదలు చూడు, ఏండ్ల తరబడి దాచుకోని ఉండాది. మీది పిల్లతీగ. దాని దగ్గరుండేది గుప్పెడు."

"అది నా భుజం దాటినాదమ్మా."

"మీ ఆకుతీగ భుజం దాటాలంటే ఏడాది పడతాది. ఇది మూడు నెలలకే దాటి ఉంటది. ఎత్తు పెరిగింది గానీ ఈడు రాలా."

ఎలిశబెతు లేచి పోతూ పోతూ, తీగ మొదలు దగ్గర బెరడు గోటితో గీకి చూడమంది. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. ప్రాణం ఉంటే వచ్చే ప్రతి ఆకునూ ముట్టకుండా వదిలెయ్యమంది.

తిరుగు రైల్లో నూర్జాన్ తల్లి భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. కిటికీ బయట నీళ్ళు నిండిన పొలాలు, నీళ్ళలో మబ్బులు. రైలు నేల మీద పోతున్నదో మబ్బుల మీద పోతున్నదో అన్నట్టుంది. కలలో ఉన్నట్టు జమాల్‌బీకి తన వేళ్ళు ఆకులు తుంచుతూ కనిపించాయి. తుంచే కొద్దీ పచ్చగా అవుతున్న పందిరి కనిపించింది. తరువాత ఆ పందిరి స్థానంలో, కడవ ఎత్తుకుని నవ్వుతున్న నూర్జాన్ కనిపించింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి తీసి ఇచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. తల్లి సంతోషపడుతుందని, తన దగ్గరున్న గుప్పెడు సత్తువలోంచి తీసి ఇచ్చింది. జమాల్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భుజం కదిలితే బిడ్డ లేస్తుందని కదలకుండా ఏడ్చింది.

ఇంటికి వస్తూనే పెరట్లోకి పోయి తీగ మొదట్లో కూర్చుని గోటితో గీకింది. పైబెరడు గోధుమరంగు. దాని కింద ఇంకొంచెం గీకితే, కంటికి ఆనీ ఆననట్టు ఒక పచ్చటి పొర. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ తరువాతి నెలలు ఆ ఇంట్లో విచిత్రంగా గడిచాయి. నూర్జాన్‌కు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. నీళ్ళు మౌలా మోశాడు. తన కలలకు శ్రోత దొరికిందన్న సంతోషంలో నడుం నొప్పి సంగతి రోజుకు ఒకసారి మాత్రమే ఎత్తేవాడు. వంట జమాల్‌బీ తోట నుంచి వచ్చి చేసింది. నూర్జాన్ పడుకుంది. పొద్దున పడుకుంది, మధ్యాహ్నం పడుకుంది, సరస్సు మీద మంచు ఉండగానూ పడుకుంది, విడిచాకా పడుకుంది. పెరట్లో మంచం మీద, ఎండ పొడ పడే చోట. ఆడకూతురు ఇంత పడక పడితే ఎట్లా అని అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. ఒకప్పుడైతే ఆ మాట అనే మొదటి మనిషి జమాల్‌బీయే. ఇప్పుడు ఆమె చేసిన పనల్లా బిడ్డ మంచం దగ్గర కోళ్ళు అరవకుండా తోలడం. చేతులు ఊరుకోవు కదా, పందిరి దగ్గరికి పోయినప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేది. ఆమెకు జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు.

మందు అయిపోయినప్పుడు మౌలా కూతుర్ని సూళ్లూరుపేట తీసుకుపోయి తెచ్చేవాడు. చలి తగ్గుతుండగా తీగ కణుపుల్లో ఒకటి ఉబ్బింది. తరువాత ఇంకొకటి. ముడుచుకున్న లేత ఆకులు నూగుతో సహా బయటికి వచ్చి, ఒక్కొక్కటే విప్పుకున్నాయి. నూర్జాన్ వాటిని లెక్కపెట్టలేదు, ముట్టుకోలేదు. మంచం పందిరి కిందికి జరుపుకుంది.

అప్పుడే ఖాజా మొహిద్దీన్ వచ్చాడు. ఇంటి దగ్గర తల్లి పోరు పడలేకపోతున్నానన్నాడు. కోడలు పుట్టింట్లో ఇన్నాళ్ళుంటే నలుగురూ ఏమనుకుంటారని, వచ్చే ఏడాదికైనా ఇంట్లో ఊయల కట్టొద్దా అని ఆమె కబురు పంపింది. జమాల్‌బీకి అందులో తప్పు కనిపించలేదు. పెళ్ళయిన పిల్ల, ముఖం తేటపడింది, నడుస్తున్నది, పంపాల్సిందే. "పోదువులే అమ్మా" అంది. నూర్జాన్ తలూపింది. చీరలు పెట్టెలో సర్దారు. మర్నాడు పొద్దున స్టేషనుకు పోవడానికి ఒంటెద్దు బండి వాకిట్లోకి వచ్చింది. మౌలా పెట్టె ఎత్తి బండిలో పెట్టాడు.

నూర్జాన్ తీగను చూసి వస్తానని పెరట్లోకి పోయింది. ఎంతకీ రాకపోతే జమాల్‌బీ వెతుక్కుంటూ పోయింది. నూర్జాన్ పందిరి కింద తలెత్తి నిలబడి ఉంది. ఆమె చూస్తున్న చోట, మూడో ఆకుకు ఎదురుగా, ఆవాలు గుచ్చినట్టు చిన్న పూగుత్తి.

"కాచింది," అంది జమాల్‌బీ. "నూర్జాన్, కాచింది. అల్లా మన మొర విన్నాడు. ఉండు, అబ్బాయిని పిలస్తా."

"పిలవబాక అమ్మా." నూర్జాన్ చూపు తిప్పలేదు. "పోయినసారి మందుకు పోయినప్పుడు ఎలిశబెతక్క చెప్పింది. ఈ ఏడు గెల వస్తే తీసెయ్యాలంట. ఇప్పుడిప్పుడే నాలుగు ఆకులు వచ్చినాయి. అవి వండింది గెలకు పోతే వేరుకు ఏం మిగలదంట. గెలా నిలబడదు, తీగా నిలబడదు."

జమాల్‌బీ చేయి ఎత్తింది. ఎన్ని వేల ఆకులు తుంచిన చేయో అది. పూగుత్తి దాకా పోయి ఆగిపోయింది. "నా వల్ల కాదమ్మా. వచ్చిందాన్ని ఎట్టా తీస్తాం?" అంది.

నూర్జాన్ తల్లి చేతిని పక్కకు జరిపింది. పూగుత్తిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపు అలాగే నిలబడింది. తుంచింది. అరచేతిలో పెట్టుకుని చూసింది, గుప్పిట మూసింది. తీగకేసి తిరిగి, ఎవరికో సర్ది చెబుతున్నట్టు చిన్నగా అంది.

"ఈ ఏడు వద్దులే. ముందు నువ్వు బతుకు."

వాకిట్లో బండి ఎద్దు మెడ విదిలిస్తే మువ్వలు మోగాయి. నూర్జాన్ పైట సర్దుకుని, బండి వైపు పోవడానికి అడుగు వేసింది. పంపుతున్నారు, పోతున్నది. ఎదురు చెప్పడం ఆమెకు ఇప్పటికీ రాలేదు. జమాల్‌బీ ఆ నడక చూసింది. మూసిన ఆ గుప్పిట చూసింది. కూతురికన్నా ముందు గబగబా నడిచి వాకిట్లోకి పోయింది.

"అబ్బాయా, పెట్టె దించు," అంది.

ఖాజా మొహిద్దీన్‌కు అర్థం కాలేదు. "రైలుకు పొద్దయిందత్తా."

"నూర్జాన్ ఈ ఏడు రాదు. పంపుతానని నేనే తొందరపడి అన్నా. దానికి ఇంకా సత్తువ కూడలా. కాన్పు మాట ఇప్పుడెవరూ ఎత్తొద్దు."

"మా అమ్మకు ఏం చెప్పేది?"

"తప్పు జమాల్‌బీదని చెప్పు. తిట్టమను. ఎంత తిట్టినా పడతా."

అతను వాకిట్లో నిలబడి ఆలోచించాడు. పెరటి వైపు నుంచి వస్తున్న భార్యను చూశాడు. ఆమె తలెత్తి అతన్ని చూడలేదు. "అమ్మ మాట అట్టుండనీ అత్తా," అన్నాడు మెల్లగా. "నూర్జాన్ లేకపోతే ఆ ఇంట్లో నాకు తోచటంలేదు. అందుకే వచ్చినా. ఇంకో ఏడు వస్తా పోతా ఉంటాలే." అని తనే బండెక్కి, పెట్టె దించి, భుజాన పెట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. నూర్జాన్ పందిరి కింది మంచం మీద పడుకుంది. కాసేపటికి నిద్ర పట్టింది. గుప్పిట వదులై, పూగుత్తి మంచం మీద పడింది. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. ఆమెను ఎవరూ లేపలేదు.